జాయింట్ పక్కన నా నంబరు

మా మేనల్లుడు పదో తరగతి పాసై, ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ తీసుకుంటానన్నాడు. ఇంట్లో పెద్ద గొడవైంది. "నువ్వైనా చెప్పరా, ఇంటర్‌లో చేరి ఇంజనీరింగ్ చదవమని" అంటూ అక్క విజయవాడ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను వాడి పక్షానే మాట్లాడాను.

నేను పని నేర్చుకుంది ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డులో. మొదటి ఆరు నెలలు గ్రైండింగే. తర్వాత వెల్డింగ్ రాడ్డు చేతికిచ్చి మేస్త్రీ బాబాయ్ ఒకటే మాట చెప్పాడు: "చప్పుడు విను. నూనెలో గారెలు వేగినట్టు రావాలి." నల్లద్దం లేకుండా మంట చూసిన రోజుల్లో రాత్రంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. తర్వాత ఏడాది ఐటీఐ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

అబుదాబి ఎమిరేట్‌లోని రువైస్‌లో రిఫైనరీ పనికి వచ్చినప్పుడు 6జీ అనే పైపు వెల్డింగ్ టెస్ట్ పెట్టారు. పైపును 45 డిగ్రీల వాలుగా బిగిస్తారు, తిప్పడానికి వీల్లేదు. మనమే చుట్టూ తిరుగుతూ, వంగి, కింద నుంచి తలెత్తి అతకాలి. లోపలి రూట్, అంటే అడుగు పొర, ఆర్గాన్ గ్యాస్‌తో చేసే టిగ్ వెల్డింగ్‌తో, ఆపైన పొరలు 7018 రకం రాడ్డుతో. ఆ రాడ్డుకి తేమ తగిలితే వెల్డింగ్‌లో పగుళ్ళు రావచ్చు, అందుకే ఓవెన్‌లో వేడిగా ఉంచి, కావలసినన్నే బయటికి తీస్తాం. ఆఖర్న ఎక్స్‌రే. లోపల గాలి బుడగ ఉంటే ఫిల్మ్ మీద నల్లచుక్కై కనబడుతుంది. నువ్వెవరి కొడుకువి, ఏ కాలేజీ అని ఆ ఫిల్మ్ అడగదు. మర్నాడు నాకు ఒక నంబరు ఇచ్చారు. నేను అతికిన ప్రతి జాయింట్ పక్కనా అది రాస్తారు. ఎప్పుడు తేడా వచ్చినా ఎవరి పనో తెలుస్తుంది. ఆ నంబరు చూసుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కష్టం లేదని చెప్పను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. మిగతా గంటల్లో కూడా తోలు జాకెట్ లోపల ఒళ్ళు ఉడికిపోతుంది. మా పాప పుట్టినప్పుడు నేను క్యాంపులోనే ఉన్నాను. వచ్చేముందు ఒక ఏజెంటు చేతిలో మోసపోయాను కూడా. మన చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. నా దగ్గర అంతకు చాలా ఎక్కువ గుంజారు. ఆ సంగతి అప్పుడు తెలియదు. అందుకే ఇప్పుడు ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను, లైసెన్స్ ఉన్న ఏజెంటేనా అని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకున్నాకే డబ్బు చేతికివ్వమని.

మా రూములో గుంటూరు అబ్బాయి ఒకడున్నాడు. బీటెక్ చదివాడు, ఇక్కడ స్టోర్‌లో హెల్పరు. చదువు కోసం తీసుకున్న అప్పు ఇంకా కడుతున్నాడు. మంచి బుర్ర ఉన్నవాడు, చూస్తే బాధేస్తుంది. రాత్రిళ్ళు నా దగ్గర డ్రాయింగ్ చదవడం, వెల్డింగ్ గుర్తులు నేర్చుకుంటున్నాడు. నేను నాలుగేళ్ళు చూసీ చూసీ నేర్చుకున్నది వాడు నాలుగు వారాల్లో పట్టేశాడు. చదువూ చేతిపనీ కలిస్తే ఎంత దూరం పోవచ్చో అక్కకి వాడినే చూపించాను.

అక్క మొన్న ఒప్పుకుంది. ఆదివారం మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. ఆటోనగర్‌లో అదే షెడ్డు. "మావయ్యా, చూడు" అంటూ తన మొదటి బీడు, అంటే వెల్డింగ్ చారను, చూపించాడు. వంకరగా ఉంది.

"మళ్ళీ వెయ్యరా, ఈసారి చప్పుడు వినిపించు" అన్నాను.

పక్కనున్న కుర్రాడు ఫోను పట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను.