గొయ్యీ ప్రమాదమే, పడటమూ ప్రమాదమే: గల్ఫ్ సైటులో ఇంగ్లిష్ లెక్క వేరు

తెలుగులో ప్రమాదం అనే మాట ఒక్కటుంటే పని జరిగిపోతుంది. తవ్వి వదిలేసిన గొయ్యి ప్రమాదం, అందులో ఎవరైనా పడొచ్చన్న భయం ప్రమాదం, పడితే అదీ ప్రమాదమే. గల్ఫ్ సైటులో ఇంగ్లిష్‌కు ఇవి మూడు వేర్వేరు సంగతులు. గొయ్యి హజార్డ్. పడే అవకాశం ఎంత, పడితే దెబ్బ ఎంత అన్న లెక్క రిస్క్. పడటం యాక్సిడెంట్. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే అది ఉత్త భాష తప్పుగా మిగలదు. తప్పు ఎవరిదన్నది కూడా దాంతోపాటే మారిపోతుంది.

ముందు బోర్డులు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లినవాళ్లకు బోర్డు మీది అరబిక్ మాట తేలిగ్గానే పట్టుబడుతుంది: ఖతర్. ఉర్దూ ఖత్రా, మనవాళ్లు రోజూ అనే ఖతర్నాక్ దాని నుంచి వచ్చినవే. (ఖతర్ దేశం పేరుతో దీనికి చుట్టరికం లేదు. అరబిక్‌లో రెండిటికీ అక్షరాలు వేరు.) కిందనున్న ఇంగ్లిష్ మాటే తికమక పెడుతుంది. అమెరికా పద్ధతి పాటించే సైటుల్లో నాలుగు మాటలు, నాలుగు రంగులు ఉంటాయి. ఎర్ర రంగు డేంజర్: జాగ్రత్త పడకపోతే చావో, పెద్ద గాయమో ఖాయం. నారింజ రంగు వార్నింగ్: చావో, పెద్ద గాయమో జరగొచ్చు. పసుపు కాషన్: చిన్న, మధ్యరకం దెబ్బలు తగలొచ్చు. నీలం నోటీస్: మనిషికి దెబ్బ సంగతి కాదు, సామాను గురించో నియమం గురించో చెప్పేది. మొదటి రెండిటి మధ్య తేడా అంతా ‘ఖాయం’, ‘జరగొచ్చు’ అన్నదాంట్లోనే ఉంది. వార్నింగ్ అంటే ఊరికే హెచ్చరికే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. చావు ఆ బోర్డులోనూ ఉంది.

కెమికల్ డ్రమ్ముల మీద లెక్క మళ్లీ మారుతుంది. అంతర్జాతీయ లేబుల్ పద్ధతిలో రెండే మాటలు, డేంజర్, వార్నింగ్. కాషన్ ఉండదు. ఇక పాత డ్రమ్ముల మీదా, ట్యాంకర్ల మీదా కనబడే ఇన్‌ఫ్లేమబుల్ అనే మాటతో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇన్‌కరెక్ట్, ఇన్‌కంప్లీట్ చదివిన అలవాటుతో ఇదీ ‘అంటుకోనిది’ అనుకుంటారు. దానికి అర్థం సరిగ్గా తిరగబడి ఉంది: ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా భగ్గున అంటుకునేదే. అంటుకోనిది నాన్-ఫ్లేమబుల్. ఈ గందరగోళం ఇంగ్లిష్ వాళ్లకూ ఉంది కాబట్టే కొత్త లేబుళ్లలో ఇన్‌ఫ్లేమబుల్ వాడటం మానేశారు.

కరెంటు దగ్గర లైవ్, డెడ్. లైవ్ అంటే కరెంటు ఉన్నది. పైపు విషయంలో అయితే లోపల సరుకో, ప్రెషరో ఉన్నది. డెడ్ అంటే స్విచ్ ఆపినది కాదు, కరెంటు లేదని పరీక్షించి తేల్చినది. సప్లై ఆపాలి, తాళం వేసి ట్యాగ్ కట్టాలి, టెస్టర్‌ను ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి పనిచేస్తోందని చూడాలి, తర్వాత పని చేయబోయే వైరు మీద పెట్టాలి, మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి. ఆ మూడోసారి చూడటమే ఎక్కువమంది ఎగ్గొట్టేది. మధ్యలో టెస్టర్ పాడైతే ప్రతి వైరూ డెడ్‌గానే కనబడుతుంది.

అరుపులు ఇంకో తంటా. ‘హెడ్స్ అప్’ అంటే జాగ్రత్త, ఏదో పడుతోందని. అలా పైనుంచి అరిస్తే కొత్తవాడు తల పైకెత్తి చూస్తాడు, వచ్చే పానా నేరుగా మొహానికి తగులుతుంది. ‘లుకౌట్’ అంటే బయటికి చూడమని కాదు, తప్పుకోమని. ‘డక్’ అంటే బాతు కాదు, తల వంచమని. ‘స్టాండ్ క్లియర్’ అంటే అక్కడ నిలబడమని కాదు, దూరం జరగమని. పొద్దున పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు చెప్పుకునే టూల్‌బాక్స్ మీటింగ్‌లో, మా గుంపులో పైనుంచి ఏదైనా పడితే ఏ మాట అరవాలో ఒక్కటి తేల్చుకోవడం మేలు. తెలుగు గుంపైతే ‘తప్పుకో’ చాలు. కలగలుపు గుంపులో హిందీ ‘హటో’ అందరికీ అందుతుంది.

గ్యాస్ ఉన్నచోట ఎక్స్‌పోజ్డ్ అనే మాట వస్తుంది. వైరు ఎక్స్‌పోజ్డ్ అంటే పైతోలు ఊడినది. మనిషి ఎక్స్‌పోజ్డ్ అంటే గ్యాస్ తగిలినవాడు, అతన్ని డాక్టరు చూడాల్సిందే. ట్యాంకు లాంటి ఇరుకు చోట్లలో దిగడానికిచ్చే కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్‌లో ఆక్సిజన్ 19.5 శాతం నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మీటరు మామూలుగా 10 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు పది పాళ్లు) దగ్గర కూత పెడుతుంది. 100 పీపీఎం అంటే ‘అప్పటికప్పుడు ప్రాణానికి ముప్పు’ అనే కోవలోకి వస్తుంది, అంత మోతాదులో ముక్కు మొద్దుబారి కుళ్లిన గుడ్ల వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగినవాళ్లు తిరిగి పైకి రాలేదు.

ఇక రిపోర్టుల మాటలు. స్కఫోల్డింగ్ మీద నుంచి స్పానర్ పడింది, కింద ఎవరూ లేరు. ఇది నియర్ మిస్. కొద్దిలో తప్పింది కాబట్టి ఏమీ జరగలేదని మనం అనుకుంటాం, కాగితం మీద మాత్రం అది రాయాల్సిన సంఘటనే. ఫస్ట్ ఎయిడ్‌తో సరిపోతే ఒక కోవ. తర్వాతి షిఫ్టుకు రాలేకపోతే లాస్ట్ టైమ్ ఇంజురీ. గేటు దగ్గర బోర్డు మీద ‘ఇన్ని లక్షల గంటలు లాస్ట్ టైమ్ ఇంజురీ లేకుండా’ అని రాసుకునేది దాన్నే. ఆ అంకె సున్నాకు పడిపోకూడదని వేలు విరిగినవాణ్ని మర్నాడు ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి ‘లైట్ డ్యూటీ’ అని రాయడం అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల ఉంది. లైట్ డ్యూటీ అనేది నిజమైన కోవే. దానికి డాక్టరు రాసిన కాగితం ఉండాలి, ఫోర్మన్ నోటిమాట కుదరదు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు స్టేట్‌మెంట్‌లో జరుగుతుంది. మనకు ‘రిస్క్ తీసుకున్నా’ అనడంలో కాస్త మగతనం, కాస్త గొప్ప ధ్వనిస్తాయి. ‘కంపెనీ పని ఆగకూడదని రిస్క్ తీసుకున్నా సార్’ అని మంచి మనసుతో అనేస్తారు. ఇంగ్లిష్‌లో ‘ఐ టుక్ ఎ రిస్క్’ అంటే తెలిసి తెలిసీ చేశానని ఒప్పుకోవడం. ‘ఐ వాజ్ ఎట్ రిస్క్’ అంటే నేను ప్రమాదంలో ఉన్నాను, కారణం ఎవరో చెప్పలేదు. ‘ఐ వాజ్ పుట్ ఎట్ రిస్క్’ అంటే నన్ను అందులోకి నెట్టారు. ‘ఐ పుట్ అదర్స్ ఎట్ రిస్క్’ అంటే మిగతావాళ్లను నేనే నెట్టాను. బెల్టు హుక్కు తగిలించే చోటే లేని ప్లాట్‌ఫామ్ మీదకు సూపర్‌వైజర్ ఎక్కమన్నాడు అనుకోండి. జరిగింది మూడోది, నోట్లోంచి వచ్చేది మొదటిది. అందుకని వ్యాఖ్యలు వదిలేసి జరిగింది మాత్రమే చెప్పాలి: ఎన్నింటికి, ఎవరు ఎక్కమన్నారు, ప్లాట్‌ఫామ్‌కు కట్టిన ట్యాగు పచ్చదా (ఎక్కొచ్చు) ఎర్రదా (ఎక్కకూడదు), హుక్కుకు చోటు ఉందా లేదా. ఇంగ్లిష్ రానిచోట హిందీలోనో తెలుగులోనో రాస్తానని అడగాలి. రాసింది చదివి వినిపించాకే సంతకం.

వార్నింగ్ లెటర్‌లో మాటలు ఇంకా బరువుగా ఉంటాయి. ఎన్‌డేంజర్డ్ అంటే ప్రాణాలను ప్రమాదంలో పెట్టావని. జెపర్డైజ్డ్ అంటే దెబ్బతినే స్థితికి తెచ్చావని, ఇది మనుషులకన్నా ప్రాజెక్టుకో, సేఫ్టీకో, ఉద్యోగానికో ఎక్కువ వాడతారు. కాంప్రమైజ్డ్ అంటే రాజీ పడ్డావని కాదు, బలహీనపరిచావని. కుట్లు తెగిన హార్నెస్ (ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు) కూడా కాంప్రమైజ్డే. కేర్‌లెస్ అంటే చూసుకోలేదని, రెక్‌లెస్ అంటే తెలిసీ లెక్కచేయలేదని. ఈ రెండో మాట కనబడితే సంతకం దగ్గర ఆగాలి. ‘అందింది, ఒప్పుకోవడం లేదు’ అని తేదీతో రాసి సంతకం పెట్టొచ్చు.

ఎందుకంటే సౌదీ కార్మిక చట్టం 80వ నిబంధన ప్రకారం, కనబడే చోట పెట్టిన భద్రతా సూచనలను రాతపూర్వక హెచ్చరిక తర్వాతా కావాలని పాటించకపోతే సర్వీసు డబ్బులు లేకుండా తీసేయొచ్చు. అయితే కార్మికుడు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు చట్టంలో 44వ నిబంధన కింద కూడా భద్రతా సూచనలు పాటించకపోతే నోటీసు లేకుండా తీసేయొచ్చు, అక్కడ ముందు రాతపూర్వక విచారణ జరగాలి. ఇవే చట్టాల్లో రెండోవైపు కూడా ఉంది: సౌదీలో 81, యూఏఈలో 45. పనిచోట ప్రాణానికో ఆరోగ్యానికో పెద్ద ముప్పు ఉండి, యజమానికి తెలిసి కూడా ఏమీ చేయకపోతే కార్మికుడు ముందు నోటీసు లేకుండా, హక్కులు పోకుండా పని మానేయొచ్చు.

మెలిక ‘తెలిసి కూడా’ దగ్గరుంది. యజమానికి తెలుసని చూపేది మీరు రాసిచ్చిన నియర్ మిస్ కార్డు, హజార్డ్ కార్డు. చాలా రిఫైనరీల్లో ఫోన్ కెమెరా లోపలికి పోనివ్వరు కాబట్టి కార్డు నంబరు, తేదీ, ఎవరి చేతికి ఇచ్చారో ఆ సాయంత్రమే క్యాంపులో పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.