కాలువ లోతుగా, కట్ట తక్కువగా

చైనాలోని సిచువాన్‌లో, సహజమైన దారిలో నడవమనే పాత చైనా మతం తావోకి చెందిన క్షేత్రాలు చూడాలని వెళ్లేవాళ్లు చాలామంది ముందు చింగ్‌చెంగ్ కొండ ఎక్కుతారు. మేం ముందు నది దగ్గరికి వెళ్లాం. అది అక్కయ్య పట్టుదల. హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, తావో మూలగ్రంథం చెప్పాడనే ప్రాచీన జ్ఞాని లావోజు మాటల్ని ఏళ్ల తరబడి చదువుతోంది. "నీళ్ల గురించి అన్నిసార్లు చెప్పిన ఆయన్ని తిన్నగా కొండ మీదికి వెళ్లి వెతకడమేంట్రా? ముందు ఏరు చూద్దాం పద" అంది.

సిచువాన్ రాజధాని చెంగ్దూ నుంచి దుజియాంగ్యాన్‌కి రైల్లో ఎంతోసేపు పట్టదు. కొండల్లోంచి దూకుతూ వచ్చే మిన్ నది చదునైన నేల మీదికి దిగేది అక్కడే. పూర్వం వానలు పడితే ఆ మైదానమంతా మునిగేది, వానలు లేకపోతే ఎండేది. క్రీ.పూ. 256 ప్రాంతంలో చిన్ రాజ్యం తరఫున ఆ సీమను పాలించిన లీ బింగ్ ఈ బాధ తీర్చే పని మొదలుపెట్టాడు. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి, నది నడుమ చేప మూతిలా మొన తేలిన గట్టు ఒకటి పోయించాడు. దాంతో నది రెండు పాయలైంది. లోపలి పాయ ఇరుకు, లోతు ఎక్కువ. బయటి పాయ వెడల్పు, కాస్త మెరక. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో పదింట ఆరు వంతులు లోతున్న వైపు, అంటే పొలాల వైపు వెళ్తాయి. వరదొస్తే లెక్క తిరగబడి ఎక్కువ భాగం బయటి పాయలోకి పోతుంది. కాలువ తలుపులు లేని ఆ కాలంలో నేల వాలే నీళ్లను పంచింది.

ఆ మొన దగ్గర రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. పచ్చటి నీళ్లు, చెవులు దిమ్మెక్కే హోరు. అక్కయ్యకు మాట వినపడాలంటే అరవాల్సి వచ్చింది.

అక్కడినుంచి కిందికి నడిస్తే రెండు మీటర్ల పైచిలుకు ఎత్తుండే ఒక పొట్టి కట్ట వస్తుంది. లోపలి పాయలో నీళ్లు మరీ ఎక్కువైతే ఈ కట్ట మీదుగా పొర్లి బయటి పాయలో కలుస్తాయి. నది అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి ఆ సుడిలో ఇసుకా రాళ్లూ కూడా నీళ్లతోపాటు బయటికి కొట్టుకుపోతాయి. దాని పక్కనే కొండను చీల్చిన ఇరుకు సందు. అప్పటికింకా మందుగుండు లేదు. బండను మంటతో కాల్చి, చల్లటి నీళ్లు పోసి పగలగొట్టారని చెబుతారు. నీళ్లు ఆ సందులోంచే మైదానానికి వెళ్తాయి. ఇవాళ 16 లక్షల ఎకరాలకు పైగా ఈ నీళ్లతోనే పండుతోంది. మాది గోదావరి కాలువల కింది ఊరు. కాలువకు నీళ్లు వదిలే రోజు ఊరికి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం. ఇక్కడ ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ రోజుల్లో నీళ్లు వదలడం ఒక పండగ అని తెలిసి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

నది ఒడ్డునే, నిటారు మెట్ల మీద, ఇద్దరు రాజుల గుడి. లీ బింగ్‌నీ ఆయన కొడుకునీ అక్కడ పూజిస్తారు. ఇది తావో గుడి. లీ బింగ్ మాత్రం తావో గురువు కాడు, రాజ్యోద్యోగి. తావో సంఘాలు పుట్టింది ఆయన తర్వాత దాదాపు 400 ఏళ్లకు. అయినా నా ఉద్దేశంలో వాళ్లు సరైన మనిషినే దేవుణ్ని చేసుకున్నారు. 2008 మే 12న వచ్చిన భూకంపంలో ఈ గుడి బాగా దెబ్బతింటే మళ్లీ నిలబెట్టారు. నదిలోని పనికి మాత్రం అంత పెద్ద దెబ్బ తగల్లేదు.

గుడిలో ఒక గోడ మీద ఆరే ఆరు చైనా అక్షరాలు చెక్కి ఉన్నాయి. కాలువ లోతుగా తవ్వు, కట్ట తక్కువగా కట్టు. నా యాత్ర అంతా ఆ గోడ ముందే జరిగిందనుకుంటాను. తావో అంటే ఏమీ చేయకుండా కూర్చోవడమని తేలిగ్గా అనేవాళ్లను ఇక్కడికి తీసుకురావాలి. ప్రతి చలికాలం కర్రలతో కట్టిన ముక్కాలి చట్రాలు వరసగా నిలబెట్టి, పాయను మూసి, పేరుకున్న ఇసుకను జనం తవ్విపోసేవారు. ఎంత లోతుకు తవ్వాలో తెలియడానికి అడుగున ఇనుప కడ్డీలు పాతారు. అవి కనపడితే ఆపాలి. అంతకన్నా తక్కువ తవ్వితే పొలాలకు నీళ్లు చాలవు, ఎక్కువ తవ్వితే ఊళ్లు మునుగుతాయి. కట్ట ఎత్తు పెంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెంచితే ఈ ఏడాది నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, కానీ ఇసుక కూడా అక్కడే నిలిచిపోతుంది. శ్రమంతా ఎవరికీ కనపడని అడుగున. పైకి కనిపించే కట్ట మాత్రం పొట్టిది. ఇంతకన్నా మంచి నాయకత్వ పాఠం నేను ఏ ఆఫీసు ట్రైనింగ్‌లోనూ వినలేదు.

అక్కయ్య ఆ మెట్ల మీదే కూర్చుని అంది: "అందరికన్నా గొప్ప పాలకుడు ఉన్నాడన్న సంగతి మాత్రమే జనానికి తెలుస్తుందట. వాళ్లు మెచ్చుకునేవాడు తర్వాత, భయపడేవాడు ఆ తర్వాత, ఈసడించుకునేవాడు ఆఖరున. పని పూర్తయ్యాక జనం 'ఇది మేమే చేసుకున్నాం' అనుకోవాలట. నేను బళ్లో ఉన్నప్పుడు టీచర్లను రోజూ క్లాసు క్లాసుకీ వెళ్లి చూసే హెడ్‌మాస్టర్లు ఉండేవాళ్లురా. పెద్ద దేశాన్ని ఏలడం చిన్న చేపలు వండటం లాంటిదని లావోజు ఊరికే అనలేదు. నెత్తళ్లు వేపుతూ గరిటెతో కెలుకుతూ ఉంటే మూకుట్లో ఏం మిగులుతుంది?"

చింగ్‌చెంగ్ కొండ మరుసటి రోజు ఎక్కాం. నదినీ కొండనీ కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దట్టమైన చెట్లు, నాచు పట్టిన మెట్లు, జుట్టు ముడి వేసుకున్న తావో సాధువులు. సగం దూరం రోప్‌వే ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సంకోచించకుండా వాడుకోవచ్చు.

అక్కడ చూడాల్సింది దివ్యగురువు గుహ. క్రీ.శ. రెండో శతాబ్దంలో, దివ్యగురువని పేరున్న ఝాంగ్ దావోలింగ్ ఈ కొండకు వచ్చి తన తావో మార్గాన్ని బోధించాడు. చేరేవాళ్లు ఐదు కొలతల బియ్యం ఇవ్వాలి కాబట్టి జనం దాన్ని బియ్యం మార్గమనే పిలిచారు. ఆయన మనవడు ఝాంగ్ లూ ఉత్తరాన హాన్‌ఝోంగ్ సీమను రెండు దశాబ్దాలకు పైగా పాలించాడు. అతని పాలన గురించి పాత చరిత్రల్లో ఉన్న సంగతులు అక్కయ్యకు చెబుతూ మెట్లు దిగాను. దారుల వెంట సత్రాలు కట్టించి బియ్యం, మాంసం ఉంచేవాళ్లు. బాటసారులు డబ్బివ్వకుండా, కడుపుకు సరిపడా తీసుకోవచ్చు. అంతకు మించి తీసుకుంటే దేవతలు జబ్బు చేయిస్తారని నమ్మకం. చిన్న తప్పు చేసినవాడు 100 అంగల దారి బాగుచేస్తే చాలు. పెద్ద తప్పయినా మూడుసార్లు క్షమించాకే శిక్ష.

"నాలుగోసారి శిక్ష ఉందిగా, అయితే బడి నడుస్తుంది" అంది అక్కయ్య.

క్రీ.శ. 215లో ఉత్తర చైనాను చేతిలో పెట్టుకున్న సేనాని త్సావ్ త్సావ్ సైన్యంతో మీదికొచ్చినప్పుడు, పారిపోయే ముందు సొత్తు నిండిన కొట్లు తగలబెడదామని అనుచరులు అన్నారు. ఝాంగ్ లూ ఒప్పుకోలేదు. అవి రాజ్యానివి, మనవి కావని చెప్పి కొట్లకు ముద్రలు వేయించి వెళ్లాడు. త్సావ్ త్సావ్ అది చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఝాంగ్ లూ లొంగిపోతే గౌరవంగా చూశాడు.

"ఆ హాన్‌ఝోంగ్ ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగింది. చెంగ్దూ నుంచి షీఆన్ వెళ్లే హైస్పీడ్ రైలు దారిలోనే ఉందన్నాను. ఆ సాయంత్రమే టికెట్లు తీసుకున్నాం.