సెలాంక్ వాడే ముందు నేను తేల్చుకున్నవి: నా అనుభవం

ఆందోళన వ్యాధితో నిద్ర కరవైన నాకు, హైదరాబాదులో ఉంటున్న మా బావ ఆన్‌లైన్‌లో తెప్పించిన సెలాంక్ అనే ముక్కు స్ప్రే పంపించారు. దీనికి మత్తు ఉండదనీ, అలవాటు కాదనీ, దుష్ప్రభావాలు అసలే లేవనీ చెప్పారు. ఆయన అభిమానం నాకు తెలుసు. అయినా ఆ చివరి మాట సంగతి తేలకుండా మందు ముట్టకూడదనుకున్నాను.

సెలాంక్ ఏడు అమైనో ఆమ్లాలు గొలుసుగా కలిసిన పెప్టైడు. మన ఒంట్లో రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచే టఫ్ట్‌సిన్ అనే పెప్టైడు ఆధారంగా రష్యా శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు, అక్కడ దీనికి అనుమతి కూడా ఉంది. రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల వచ్చే చర్మవ్యాధి సోరియాసిస్ ఉన్న నాకు ఆ రోగనిరోధక సంబంధమే మొదటి భయం. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో 62 మంది రోగులను తీసుకుని, సుమారు సగం మందికి సెలాంక్, మిగిలినవారికి ఆందోళనకు వాడే మెదాజెపామ్ అనే మందు ఇచ్చి పోల్చారు. ముప్పై మందిలో ఒక్కరికీ ఫలానా ఇబ్బంది రాలేదన్నంత మాత్రాన, అది పదిమందిలో ఒకరికి రాదని గణాంకశాస్త్రం గట్టిగా చెప్పజాలదు. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్నది అంత చిన్న పరిశీలనలో బయటపడే విషయమే కాదు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నేను చూపించుకున్న మానసిక వైద్యురాలు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని లేబులు చదివారు. పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అని సన్నని అక్షరాల్లో ఉంది. తయారీ లైసెన్సు నంబరు గానీ, బ్యాచ్ నంబరు గానీ లేవు. "ఇందులో ఉన్నది సెలాంకేనని మీకెవరు చెప్పారండీ?" అని అడిగారు. నా వెతుకులాటలో నాకు తట్టని ప్రశ్న అది: అధ్యయనంలో వాడిన మందు వేరు, నా చేతిలోని సీసా వేరు. పైగా ముక్కులో వేసుకునేది శుభ్రంగా తయారుకాకపోతే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదమూ ఉంది.

థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, ఆందోళన వస్తాయి కనుక ముందు రక్తపరీక్ష చేయించి, అది సవ్యంగా ఉన్నాక ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాశారు. మొదట్లో వికారం ఉండవచ్చనీ, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ ముందే చెప్పారు. వికారం వచ్చింది, తగ్గింది. ఏ మందుతోనైనా అనుకోని ఇబ్బంది వస్తే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసుకునే జాతీయ సహాయవాణి 1800-180-3024కు తెలియజేయవచ్చనీ, రాత్రివేళ మనసు మరీ కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమనీ చీటీ వెనుక రాసిచ్చారు. ఈ మందును ఒక్కసారిగా ఆపకూడదు గనుక, మళ్లీ చూపించుకునేవరకు అదే మోతాదు కొనసాగిస్తున్నాను.