పాత జీపుకు ఓవర్‌ఫ్లో డబ్బా: ముందు చూడవలసింది మూతను

పాత జీపు బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ మెడ పక్కనుంచి ఒక సన్నని గొట్టం బయలుదేరి, అంచు వెంబడే దిగి, నేలకు కాస్త పైన ఆగిపోయి కనిపిస్తుంది. దాని చివర ఏ డబ్బా ఉండదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు వ్యాకోచించిన నీరు ఆ గొట్టంలోంచి రోడ్డు పాలవుతుంది; చల్లారినప్పుడు లోపల ఏర్పడిన వెలితిని పూడ్చడానికి గాలి చొరబడుతుంది. డీజిల్ ఇంజిన్ గల నా మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపు కూడా అలాగే ఉండేది. దానికి ఓవర్‌ఫ్లో డబ్బా, అంటే పొంగిన నీటిని పట్టి ఉంచి చల్లారాక తిరిగి రేడియేటర్‌కు ఇచ్చే డబ్బా, బిగించిన పద్ధతిని, డబ్బా కొనకముందే చూసుకోవలసిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను. కోనసీమలో ఇప్పటికీ తిరుగుతున్న పాత జీపులకు ఈ చిన్న మార్పు ఎంతో మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ డబ్బా ఇంజిన్‌ను చల్లబరచదు. రేడియేటర్ పూడుకుపోయినా, ఫ్యాన్ బెల్టు వదులైనా, ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన రేకు ఊడిపోయినా డబ్బా వల్ల ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. రేడియేటర్‌ను ఎల్లప్పుడూ నిండుగా ఉంచడం, లోపలికి గాలి పోకుండా చూడడం, అందులో పోసిన మంచి ద్రవం అందులోనే నిలిచేటట్లు చేయడం, ఇంతవరకే దాని పని. మన ప్రాంతంలో ఈ మూడో పనికే విలువ ఎక్కువ.

నీరు 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం సుమారు మూడున్నర శాతం పెరుగుతుంది. 8 లీటర్లు పట్టే బండిలో అది పావు లీటరు పైమాటే, కూలెంట్ (రేడియేటర్ నీటిలో కలిపే ద్రవం) కలిపితే మరికాస్త ఎక్కువ. డబ్బా లేని బండిలో ఈ అదనపు నీరు ఒకసారి బయటికి పోయాక మట్టం తనంతట తానే ఒకచోట కుదురుకుంటుందని, దానితో ఇబ్బంది లేదని కొందరు చెబుతారు. హైవే మీద ఒకే వేగంతో పోయే బండికి ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది. కాని కాలువ గట్ల మీద, కొబ్బరితోటల మధ్య డొంకల్లో మొదటి గేరు, రెండో గేరులో గంటల తరబడి నడిచే జీపు సంగతి వేరు. ఫ్యాన్‌కు తగినంత వేగం ఉండదు, ఎదురుగాలి ఉండదు, ఇంజిన్‌కు మాత్రం పని తగ్గదు.

సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) కోసం ఆగిన పాత జీపుల కింద ఒకసారి చూడండి. ఇంజిన్ ఆపిన వెంటనే పంపు, ఫ్యాను రెండూ ఆగిపోతాయి. సిలిండర్ హెడ్ ఇనుములో నిలిచిన వేడి మాత్రం చుట్టూ ఉన్న నీటిలోకి దిగుతూనే ఉంటుంది. అందువల్ల బండి నడుస్తున్నప్పటి కంటే ఆపిన తరువాతి కొద్ది నిమిషాల్లోనే నీరు ఎక్కువగా పొంగుతుంది. ముందు చక్రాల నడుమ ఇసుక మీద చుక్కచుక్కగా మొదలైన తడి, పంటు అవతలి ఒడ్డు నుంచి తిరిగి వచ్చేలోపు పళ్లెమంత వెడల్పవుతుంది. పోయిన దాని స్థానంలో డ్రైవరు దగ్గరలో ఏ నీరు దొరికితే అది పోస్తాడు.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. "పాత బండి కదండీ, రోజూ కాసిని నీళ్ళు పోసుకుంటే సరిపోద్దండీ" అని మా వైపు షెడ్డుల్లో తరచుగా వినిపించే సలహా. ఆ కాసిని నీళ్ళు ఎక్కడివి? సముద్రానికి దగ్గరి ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పునీళ్ళే ఇస్తాయి. వరద రోజుల్లో కాలువలో ఎర్రనీరు, దానితోపాటు ఒండ్రు. వేసవిలో కాలువలు కట్టేస్తే మళ్ళీ బోరే దిక్కు. ఆవిరిగా పోయేది నీరే కాని ఉప్పు, సున్నం లోపలే మిగిలిపోతాయి. కాబట్టి ప్రతిసారీ పోసిన నీటితో అవి పేరుకుంటూ, ఇత్తడి ట్యూబుల లోపల గార కట్టి, ఇంజిన్ లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. దీనికి తోడు చల్లారినప్పుడల్లా లోపలికి చేరే గాలి ఆ తుప్పుకు ఊతమిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ ఎస్.ఎ.ఎస్. అనే ప్రత్యేక దళాల జీపులకు రేడియేటర్ ముందు ఒక కండెన్సర్ డబ్బా (ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చేది) బిగించి, పొంగిన నీటిని వృథా కానివ్వకుండా తిరిగి వాడుకునేవారు. వారికి నీరే కరవు. చుట్టూ నీరున్న మన డెల్టాలో కరవైనది రేడియేటర్‌లో పోయదగిన నీరు.

ఇక రేడియేటర్ మూత సంగతి. డబ్బా బిగించినా ఫలితం రాలేదని చెప్పేవారి బండి చూస్తే, చాలాసార్లు లోపం మూతలోనే ఉంటుంది. చల్లని ఇంజిన్ మీద మూత తీసి తిరగేసి చూడండి. అడుగున స్ప్రింగుకు ఆని ఉన్న రబ్బరు వాషరు మెడ లోపలి మెట్టు మీద కూర్చుని ఒత్తిడిని నిలుపుతుంది. దాని మధ్యలో చిన్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. చల్లారినప్పుడు అది తెరుచుకుని డబ్బాలోని ద్రవాన్ని లోపలికి రానిస్తుంది. గోటితో మెల్లగా లాగితే అది కదిలి, వదిలితే తిరిగి కూర్చోవాలి. ఇవి రెండూ పాత మూతల్లోనూ ఉండవచ్చు. వాటిలో తరచుగా లేనిది మూడోది, అంటే మూత పైరేకు లోపలివైపున మెడ పైఅంచును మూసే రబ్బరు వాషరు. పాత మూతల్లో దాని చోట ఉత్త రేకు మాత్రమే ఉంటుంది. అటువంటి మూతతో పొంగిన నీరు డబ్బాలోకి చేరుతుంది కాని, వెనక్కి పీల్చేటప్పుడు డబ్బాలోని నీటికి బదులు అంచు సందులోంచి గాలి వచ్చేస్తుంది.

కొత్త మూత కొనేటప్పుడు మెడ పైఅంచు నుంచి లోపలి మెట్టు వరకు లోతు కొలుచుకుని వెళ్ళాలి, ఎందుకంటే లోతు కుదరకపోతే స్ప్రింగు సరిగా ఆనదు. ఒత్తిడి అంకె కూడా పాత మూత మీద ఉన్నదే ఉండాలి. 7 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) మూతతో మామూలు నీరు సుమారు 111 డిగ్రీల వరకు, 13 పి.ఎస్.ఐ. మూతతో సుమారు 119 డిగ్రీల వరకు మరగదన్న మాట నిజమే. అయినా ఆ ఆశతో పెద్ద అంకె మూత పెడితే పాత సీసం అతుకులు, హోసులు ఆ ఒత్తిడికి తట్టుకోలేవు.

డబ్బా విషయంలో ఖర్చు పెట్టవలసిన పని లేదు. మారుతి 800 వంటి పాత కారు డబ్బా పాత సామాను అంగడిలో దొరికితే చాలు. ఒక లీటరు పడితే సమృద్ధి. అయితే తన మీదనే ఒత్తిడి మూత ఉండే కొత్త కార్ల డబ్బా దీనికి పనికిరాదు. మన డబ్బా మూతలో గాలి ఆడే రంధ్రం తప్పక ఉండాలి, గొట్టం దాని అడుగు వరకు దిగి ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండాలి. గొట్టానికి మందమైన రబ్బరు హోసు వాడండి, పీల్చినప్పుడు నొక్కుకుపోని రకం. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం వేడికి గట్టిపడి పగులుతుంది. రెండు చివరలా క్లిప్పులు బిగించాలి. నేను డబ్బాను ఫెండర్ లోపలివైపు, సైలెన్సర్ మేనిఫోల్డ్‌కు ఎదుటి పక్కన, ఒక ఇనుప పట్టీ వంచి, దాని కింద పాత ట్యూబు రబ్బరు ముక్క వేసి బిగించాను. గతుకుల దారిలో ఆ రబ్బరు లేకపోతే డబ్బా చెవులు విరుగుతాయి.

బిగించేముందు పాత నీరంతా దించి, శుభ్రంగా కడిగి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి రేడియేటర్‌ను మెడ వరకు, డబ్బాను కింది గీత వరకు నింపాలి. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలు, పశువులు తిరిగే వాకిట్లో దాని చుక్క పడకూడదు, దించినదాన్ని బోదెలోకి వదలకూడదు. గొట్టం నేలమీదికి తెరిచి ఉన్న బండిలో కూలెంట్ పోయడం నాకు ఏనాడూ సమ్మతం కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

బండి బాగా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మూత తీసి చూడండి. ద్రవం మెడ వరకు నిండుగా ఉండి, డబ్బాలో మట్టం కింది గీత దగ్గరకు వచ్చి ఉంటే అంతా కుదిరినట్లే. మొదటి రెండు మూడు సార్లు లోపలి గాలి వెళ్ళిపోయే కొద్దీ డబ్బాలో కాస్త తగ్గడం సహజం. డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటే పై వాషరో, గొట్టమో గాలి పీలుస్తున్నట్టు. అంతా కుదిరాక వేడి ఇంజిన్ మీద మూత తీయవలసిన అవసరమే ఉండదు, మట్టం డబ్బాలోనే కనిపిస్తుంది. లోపలి గాలంతా పోయిన తరువాత కూడా ఇంజిన్ నడుస్తున్నంతసేపు డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే మాత్రం అది మూత లోపం కాదు. హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, ఇంజిన్ బ్లాకుకు నడుమ ఉండే ప్యాకింగు) దగ్గర మంట గాలి నీటిలోకి దూరుతున్నదని అనుమానించి, బండిని ఇక నడపకుండా మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకోవాలి.