లినో బ్లాకు మీద గంగమ్మ: జ్యూరీ ఎంట్రీ పని ఎంతదాకా వచ్చిందంటే

ఏప్రిల్ 19

యూనివర్సిటీ విద్యార్థుల జ్యూరీ ఎగ్జిబిషన్‌కి ఈసారి లినోకట్ (లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద తీసే అచ్చు) పంపుదామని తేల్చుకున్నా. చదివేది మెకానికల్, కానీ ఏ బ్రాంచి వాళ్లయినా పంపొచ్చట. ముందు ఫొటో చూసి వడపోస్తారు. నెగ్గితే ఫ్రేము కట్టిన ప్రింటు ఇవ్వాలి.

బొమ్మ ఫిషింగ్ హార్బర్‌లో "గంగమ్మ" అనే ఒక చెక్క బోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం కదా. బోట్లన్నీ లంగరేసి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మామూలప్పుడైతే స్కెచ్చు సగంలో ఉండగానే బోటు కదిలిపోతుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆరింటికి వెళ్తే అదే బోటు, అక్కడే. ఎనిమిది దాటితే మాత్రం ఎండకి నిలబడలేం.

మే 3

ఏ4 బ్లాకు చెక్కుతున్నా. లినో అంటే అవిసె నూనె, కార్కు పొడి కలిపి చేసిందే. పాతబడితే బిగుసుకుపోతుంది. పది నిమిషాలు ఎండలో పెడితే గౌజు (చెక్కే చిన్న ఉలి) జున్నులో దిగినట్టు దిగుతుంది. మొదటిసారి అరగంట వదిలేశా, అంచులు అప్పడంలా లేచాయి.

ఎడమ చెయ్యి ఎప్పుడూ గౌజుకి వెనకే ఉండాలి. ముందు పెడితే ఏమవుతుందో నా బొటనవేలిని అడగండి.

మే 10

మొదటి ప్రూఫు, అంటే ఎలా వస్తుందో చూసుకునే అచ్చు, తీశా. బోటు బ్రహ్మాండం. పేరు మాత్రం అద్దంలో చూసుకోవాలి! స్కెచ్చుని ట్రేసింగ్ పేపర్‌తో తిప్పి దించినవాణ్ణి, పేరు చిన్నది కదా అని బ్లాకు మీదే నేరుగా రాసేశా. "గంగమ్మ" ఎదురు తిరిగింది. చెక్కేసినదాన్ని మళ్లీ అతికించడం కుదరదు. ఆ రాత్రి భోజనం కూడా సయించలేదు.

మే 12

పేరున్న భాగాన్ని బ్లేడుతో పట్టీలా కోసి తీసేసి, అదే కొలతకి కొత్త లినో ముక్క ఫెవికాల్‌తో దించా. కొంచెం పల్లంగా ఉంటే అడుగున కాగితం మడిచి పెట్టా. ఈసారి పేరు మెత్తటి పెన్సిల్‌తో ట్రేసింగ్ పేపర్ మీద రాసి, బోర్లించి రుద్దా. మన గుండ్రటి అక్షరాలకి గౌజు తిప్పకూడదు, గౌజు నిలిపి బ్లాకునే తిప్పాలి. మ వత్తు ఒక్కదానికే పావుగంట పట్టింది.

అతుకు దగ్గర సన్నటి తెల్ల గీత పడుతోంది. చూస్తే అచ్చం పలకల మధ్య సందులాగే ఉంది. అలాగే ఉంచేశా.

మే 18

ప్రెస్సు లేదు, స్టీలు గరిటె వెనక భాగంతో రుద్దడమే. ఎనిమిది తీస్తే ఐదు నిలిచాయి. ఆయిల్ ఇంకు, పైగా మన సముద్రపు ఉక్క: ఆరు రోజులకి గాని వేలికి అంటడం మానలేదు. ఆరాక కింద ఎడమవైపు పెన్సిల్‌తో 1/5, 2/5 అని అంకెలు, కుడివైపు సంతకం.

మే 26

ఫొటో ఫ్రేము కట్టకముందే తీయాలి, అద్దం ఉంటే మన మొహమే పడుతుంది. వరండా నీడలో గోడకి అంటించి, ఫోను ప్రింటుకి సరిగ్గా ఎదురుగా పట్టుకున్నా. కాస్త వంగినా దీర్ఘచతురస్రం కాస్తా ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా వస్తుంది.

జూన్ 7

మొదటి వడపోత దాటింది! ఫ్రేముకి గాజు బదులు యాక్రిలిక్ వేయించా, బస్సులో మోయాలి కదా.

అక్షరాలు సరిచూద్దామని హార్బర్‌కి వెళ్తే, వేటకి సిద్ధం చేస్తూ బోటుకి కొత్త రంగు కొట్టేశారు. నీలం పోయి పచ్చ వచ్చింది. మనది నలుపు తెలుపే కాబట్టి బతికిపోయా.