పాల గడ్డ: ఆరు రోజుల నా అనుభవం

తెల్లవారుజామున మూడింటికి నా కుడి రొమ్ములో పాల గడ్డ కరిగింది. ఆదివారం తర్వాత మళ్లీ ఇప్పుడే కుడివైపుకి తిరిగి పడుకోగలిగాను. నొప్పి పోయింది కానీ కోపం పోలేదు. ఆ కోపం చల్లారకముందే ఇదంతా రాసిపెడుతున్నాను. నాలాంటి బాలింత ఎవరైనా చదివితే నేను పడ్డ అవస్థ పడకుండా ఉంటుంది.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర. మొదటి కాన్పు, సిజేరియన్. మూడో రోజుకి పాలు పడ్డాయి, బాబు చక్కగా తాగాడు. ఇరవై రోజులు ఏ ఇబ్బందీ లేదు.

ఇరవై ఒకటో రోజు ఆదివారం, బారసాల. కాన్పుకి ముందు కొలతలతో కుట్టించిన పట్టు జాకెట్టు వేసుకున్నాను. హుక్కులు పట్టలేదు. అమ్మా, నేనూ కలిసి ఊపిరి బిగబట్టి ఎలాగో పట్టించాం. అదే నేను చేసిన మొదటి తప్పు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా బాబు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారుతూనే ఉన్నాడు. మధ్యలో పాలిద్దామని లేస్తే, "ఇప్పుడే కన్నంటుకుంది, లేపకమ్మా" అన్నారు. అలా రెండుసార్లు పాలివ్వడం తప్పింది. సాయంత్రం జాకెట్టు విప్పితే హుక్కుల అచ్చులు చర్మం మీద వరసగా పడి ఉన్నాయి. కుడి చంక కింద అంచు ఒరుసుకున్న చోట ఎర్రటి గీత. సోమవారం తెల్లారేసరికి సరిగ్గా ఆ గీత పక్కనే నిమ్మకాయంత గడ్డ.

నాకు స్నానం చేయించే ఆవిడ ఆముదం రాసి, వేడి నీళ్ల కాపడం పెట్టి, బొటనవేళ్లతో గడ్డని గట్టిగా పిండింది. "ఓర్చుకో తల్లీ, పిండితేనే పోతుంది" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి తెలిసిన వైద్యం అది. నేను ఏడుస్తుంటే ఆవిడ కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. కానీ మంగళవారానికి నిమ్మకాయ కాస్తా కోడిగుడ్డంత అయింది. మేనత్త మల్లెపూలు కట్టమంది. అవి కట్టేది పాలు ఇంకిపోవడానికని అమ్మకి గుర్తుండబట్టి సరిపోయింది. అత్తయ్య ఫోన్లో దిష్టి తీయించమంటే అదీ తీయించాం. అర్ధరాత్రి దాటాక చలి మొదలైంది. జ్వరం 101.

బుధవారం పొద్దున అమ్మ, నాన్న, బాబు, నేను ఆటోలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. ఆ ఆస్పత్రి పేరు రాయను.

కౌంటర్లో కుర్రాడు అద్దం వెనకనుంచి ఏం ప్రాబ్లం అని అడిగాడు. నా వెనక అయిదారుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వంగి మెల్లగా చెప్పాను. "వినపడట్లేదు, గట్టిగా చెప్పండి" అన్నాడు. బాలింతనండీ, పాలు గడ్డకట్టాయి అన్నాను. బ్రెస్ట్ లంప్ అని కొట్టి, సర్జన్ ఓపీకి రాసి, టోకెన్ చేతిలో పెట్టాడు. నంబరు 41. కాలి పుండ్లకి కట్లు కట్టించుకునేవాళ్లు, గజ్జల్లో వాపుతో వచ్చినవాళ్లు, వాళ్ల మధ్య జ్వరంతో నేను. రెండున్నర గంటలు.

బాబు ఆకలికి ఏడుపు అందుకున్నాడు. పాలివ్వడానికి కాస్త చోటు చూపించమని నర్సుని అడిగితే, "ఇక్కడ అలాంటివేం లేవు, మెట్ల కిందకి వెళ్లండి" అంది. మెట్ల కింద చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు. అమ్మ కొంగు విప్పి అడ్డంగా పట్టుకుంది. కుడివైపు రాయిలా బిగిసిపోయి బాబు నోటికి అందలేదు. వాడు తల అటూ ఇటూ కొట్టుకుని ఏడుస్తుంటే ఎడమవైపు చేపు వచ్చేసి కుర్తా అంతా తడిసిపోయింది. చున్నీ కప్పుకుని, వాడికి ఎడమవైపే కాసిన్ని పట్టి మళ్లీ హాల్లోకి వచ్చాను.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కేక పెట్టాడు. "రొమ్ము గడ్డ ఎవరమ్మా? రొమ్ము గడ్డ! నలభై ఒకటి!"

హాలంతా తిరిగి చూసింది. తడిసిన కుర్తా, చేతిలో పసివాడు, ఎవరో కనిపెట్టడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. నా పక్క కుర్చీలో నాన్న ఉన్నారు. ఆయనకి అరవై రెండేళ్లు. నా పెద్దమనిషి ఫంక్షనప్పుడు కూడా ఏదో పనుందని పొలం వెళ్లిపోయిన మనిషి. టోకెన్ చీటీని నాలుగు మడతలు పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్లీ మడత పెడుతున్నారు. నేను లేచి వెళ్లేదాకా తల ఎత్తలేదు. గడ్డ నొప్పిని భరించాను కానీ ఆ వంగిన తలని చూడలేకపోయాను.

లోపల డాక్టరుతో పాటు ఇద్దరు కుర్రాళ్లున్నారు, నేర్చుకుంటున్నవాళ్లట. నన్ను అడగలేదు, కర్టెన్ లాగలేదు. ఆయన ఒక్కసారి నొక్కి చూసి, "చీము పట్టిందేమో, కోయాల్సి రావచ్చు. స్కాన్ తీయించు. ఈ వైపు పాలు పట్టకు" అన్నాడు. పాలు తీయకపోతే ఇంకా బిగుసుకోదా అండీ అని అడిగాను. "డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు. రెండు నిమిషాల్లో బయటపడ్డాను. స్కాన్‌లో చీము లేదని వచ్చింది. పోతుంటే నర్సు తెల్ల కాయితం మీద ఒక డబ్బా పాల పేరు రాసి ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వకూడదని, డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాయాలని, ఆస్పత్రుల్ని వాడుకుని వాటిని అమ్ముకోకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. రొమ్ము నిండా పాలు గడ్డకట్టి బాధపడుతున్న ఆడదాని చేతిలో డబ్బా పేరు పెట్టడం అన్యాయం. ఆకలితో ఉన్నవాడి ముందు నుంచి విస్తరి లాగేసి, హోటల్ అడ్రసు ఇచ్చినట్టుంది నాకు.

ఆటోలో ఎవరం మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర నాన్న, "నొప్పిగా ఉందా అమ్మా?" అన్నారు. అంతే.

ఆ రాత్రి అమ్మ రేపల్లెలో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరైంది. "ఒక్క పూట కూడా పాలు ఆపొద్దు, పొద్దున్నే వస్తున్నా" అంది. గురువారం మొదటి బస్సుకి దిగి, నన్ను ప్రభుత్వాస్పత్రిలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పాత బిల్డింగు, విరిగిన బల్ల, కానీ ఆవిడ ముందు లేచి తలుపు మూసింది. తర్వాత అన్నీ వివరంగా అడిగింది.

ఆవిడ చెప్పింది వింటే నేను ఇన్ని రోజులు చేసిందంతా తిరగేసి చేశానని అర్థమైంది. నేను అనుకున్నట్టు పైపులో బిరడా ఇరుక్కున్నట్టు కాదట. రొమ్ములో పాలనాళాలు చాలా సన్నగా, ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. చుట్టూ వాపు వస్తే అవి నొక్కుకుపోతాయి. అందుకని గట్టిగా పిండితే లోపల నలిగి వాపు ఇంకా పెరుగుతుంది. నిమ్మకాయ కోడిగుడ్డయింది అందుకే. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉందట: గట్టి మర్దన వద్దు, చల్లటి కాపడం పెట్టాలి, బిడ్డకి ఎప్పటిలాగే పాలివ్వాలి. ఖాళీ చేసేద్దామని పంపుతో అదేపనిగా తీసినా తప్పే, ఎంత తీస్తే అంత ఊరుతుంది. ఆ రోజు జ్వరం 100కి దిగింది కాబట్టి వాపుకీ నొప్పికీ పాలిచ్చేవాళ్లు వాడదగ్గ మాత్ర ఇచ్చి, యాంటీబయాటిక్ విడిగా రాసి, "రేపటికి జ్వరం పూర్తిగా తగ్గకపోతే ఇది మొదలుపెట్టు, ఆగకు" అంది. మాత్రల పేర్లు ఇక్కడ రాయను. నాకు రాసినవి మీకు పడాలని లేదు.

ఇంటికొచ్చాక పిన్ని గోడకి దిండు పెట్టి నన్ను ఆనించి కూర్చోబెట్టింది. బాబు పొట్ట నా పొట్టకి ఆనాలి, వాడి మెడ పక్కకి తిరగకూడదు. ఆవలించినంత నోరు తెరిచేదాకా ఆగి అప్పుడు దగ్గరికి తీసుకోవాలి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వాడి నోట్లోకి వెళ్లాలి. ఇరవై నాలుగు రోజులుగా నేను మొన మాత్రమే అందిస్తున్నానని అప్పుడు తెలిసింది. పాలిచ్చాక తువ్వాల్లో ఐసు చుట్టి పది నిమిషాలు పెట్టేది. తర్వాత గడ్డ మీంచి చంకవైపుకి నాలుగు వేళ్లతో పైపైన రాసేది. "పిల్లి వీపు నిమిరినట్టు నిమరాలి, చపాతీ పిండి పిసికినట్టు కాదు" అంది.

శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరం పోయింది, యాంటీబయాటిక్ అవసరం రాలేదు. ఈ తెల్లవారుజామున బాబు కుడివైపు తాగుతుండగా లోపల జివ్వుమంది. అన్నాళ్ల తర్వాత ఆ వైపు చేపు రావడం అదే మొదలు. వాడు గుటక గుటకకీ ఊపిరి తీసుకుంటూ, మింగలేక పెదవి పక్కనుంచి పాలు కార్చేస్తూ తాగాడు. వాడు తాగుతున్నంతసేపూ చేత్తో తడిమి చూసుకుంటూనే ఉన్నాను. కోడిగుడ్డు ఉసిరికాయంత అయింది, ఆ తర్వాత ఎక్కడుందో వెతికినా దొరకలేదు. అమ్మని లేపి చెప్పి ఇద్దరం ఏడ్చాం.

ఈ ఆరు రోజుల్లో బాబుకి ఒక్క చెంచా డబ్బా పాలు పట్టలేదు. గర్వంగానే చెప్తున్నాను.

బారసాలకి జాకెట్టు వదులుగా కుట్టించుకోండి, లేదా నైటీలోనే ఉండండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. బిడ్డ చుట్టాల చేతుల్లో ఉన్నా పాల వేళకి వెళ్లి తెచ్చుకోండి. జ్వరం ఒక రోజు దాటినా, ఎరుపు పాకుతున్నా, దిష్టి తీయించుకుంటూ ఇంట్లో కూర్చోకండి. నిజంగా చీము పడితే అది ఇంట్లో తగ్గేది కాదు.

ఇవాళ పొద్దున నాన్న కాఫీ తాగి ఎక్కడికో వెళ్లొచ్చారు. వంటింట్లో అమ్మతో చెప్తుంటే నాకు వినపడింది. ఆ ప్రైవేటు ఆస్పత్రికే వెళ్లారట. మడతలు పడ్డ ఆ టోకెన్ చీటీ కౌంటర్ మీద పెట్టి, "దీని మీద నంబరుంది కదా, నంబరుతో పిలవండి" అని చెప్పొచ్చారట.