గాడిపొయ్యి తవ్విన చోట

పోయినేడాది కార్తీక వనభోజనాలకి మా వీధివాళ్లమంతా ఊరి బయట తోటకి వెళ్లాం. ఉసిరిచెట్టు కింద పూజయ్యాక, వంటకి గాడిపొయ్యి తవ్వుతుంటే గడ్డపార ఠక్కున ఆగింది. చూస్తే ఉసిరి వేరు. పైతోలు లేచిపోయి లోపల తెల్లగా, తడిగా ఉంది. పది నిమిషాల కిందట ఆ చెట్టుకే పసుపు కుంకుమలు పెట్టి ప్రదక్షిణలు చేశాం!

అప్పుడు గుర్తొచ్చింది అథర్వవేదంలోని భూమిసూక్తం. పన్నెండో కాండలో మొదటి సూక్తం, 63 మంత్రాలు. అందులో 35వది ఇది:

యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు |
మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్ ||

"భూమీ, నీలో నేను తవ్వింది త్వరగా పూడి మొలకెత్తాలి. పావనీ, నీ ఆయువుపట్టుకీ నీ గుండెకీ నా దెబ్బ తగలకూడదు."

తవ్వనే తవ్వనని ఋషి అనలేదు. తవ్వకపోతే దుంపా లేదు, మందు వేరూ లేదు, మా పొయ్యీ లేదు. నన్ను పట్టేసింది ‘రోహతు’ అన్న మాట. మొలవడానికీ పుండు మానడానికీ సంస్కృతంలో ధాతువు ఒక్కటే. మొక్క నాటితే వృక్షారోపణం, ఆయుర్వేదంలో పుండు మాన్పితే వ్రణరోపణం.

ఉసిరికి ధాత్రి అని పేరు. అంటే దాది, తల్లి. కరక్కాయ, తానికాయలతో కలిసి త్రిఫల చూర్ణం అయ్యేది ఇదే. ఆ నీడలో గంట కూర్చునేసరికి మా పెదనాన్న బీపీ టెన్షన్ మరిచి రెండోసారి పులిహోర పెట్టించుకున్నారు. నీడకి అంత మహిమా అని నవ్వకండి. కిటికీలోంచి చెట్లు కనిపించిన ఆపరేషన్ పేషెంట్లు, ఇటుక గోడ చూస్తూ పడుకున్నవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారని రోజర్ ఉల్రిక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో చూపించాడు.

పొయ్యి నాలుగు బారలు అవతలికి జరిపాం. వేరుకి తడి మట్టి మెత్తాం. తిన్న మోదుగాకు విస్తళ్లు తోటలోని పేడగుంటలో వేశాం. ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం బస్తాడు తేలాయి. అవి ఏ మంత్రానికీ మొలవవు కదా, మళ్లీ బండెక్కించుకుని తెచ్చాం.

ఈ కార్తీకంలో వెళ్లి ముందు ఆ వేరునే చూశాను. దెబ్బ చుట్టూ బెరడు ఒరుసుకుంటూ అంచు కట్టింది. నడుమ వేలెడంత మేర ఇంకా పూడలేదు.